ఒక్క 18650 సెల్లుతో నడిచే వైఫై సెన్సార్‌కి ఏ రెగ్యులేటర్ పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: మిర్చి తోటలో నేల తేమ చూసే చిన్న డబ్బా. లోపల 2500 ఎంఏహెచ్ 18650 లిథియం అయాన్ సెల్లు ఒకటి, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న కంట్రోలర్ చిప్), కెపాసిటివ్ తేమ సెన్సార్. పావుగంటకోసారి లేచి వైఫైలో రీడింగ్ పంపి మళ్లీ డీప్ స్లీప్‌లోకి పోతుంది. రెగ్యులేటర్‌గా (సెల్లు వోల్టేజీని 3.3కి దించి నిలకడగా ఉంచే చిప్) ఏఎంఎస్1117 పెడితే సెల్లు రెండు వారాలకే పడిపోతోంది. బోర్డు మీద చోటు తక్కువ కాబట్టి బియ్యపు గింజంత సైజులో ఏదైనా రెగ్యులేటర్ చెప్పమన్నారు.

ముందే చెప్పేస్తాను: మీ పనికి హెచ్‌టీ7833 పెట్టండి. అది దొరక్కపోతే ఆర్‌టీ9080. బక్-బూస్ట్ (వోల్టేజీని దించీ పెంచీ ఇచ్చే స్విచింగ్ రెగ్యులేటర్) అక్కర్లేదు, నానోఆంపుల రెగ్యులేటర్ కోసం వెతకనక్కర్లేదు. ఎందుకో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. ఈ లెక్క చేతికొస్తే రేపు ఇంకో ప్రాజెక్టుకి ఎవరినీ అడగక్కర్లేదు.

ఏఎంఎస్1117 బ్యాటరీ కోసం పుట్టిన చిప్ కాదు. 5 వోల్టుల అడాప్టర్ నుంచి 3.3 తీయడానికి బాగుంటుంది. బ్యాటరీ మీద దానికి రెండు రోగాలు. మొదటిది, లోడ్ ఏమీ లేకపోయినా తన కోసం తానే మామూలుగా 5 మిల్లీఆంపులు తాగుతుంది. దీన్నే డేటాషీట్‌లో క్వైసెంట్ కరెంట్ అంటారు, గరిష్ఠం 11 మిల్లీఆంపులని రాసి ఉంటుంది. 5 మిల్లీఆంపులు అంటే రోజుకి 120 ఎంఏహెచ్. ఈఎస్‌పీ32 ఏ పనీ చేయకుండా పడుకున్నా 2500 ఎంఏహెచ్ సెల్లు ఇరవై రోజుల్లో అయిపోతుంది. రెండోది, దాని డ్రాపవుట్, అంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ కన్నా కనీసం ఎంత ఎక్కువ ఉండాలో ఆ తేడా, 1.1 వోల్టుల చుట్టూ ఉంటుంది. 3.3 రావాలంటే ఇన్‌పుట్ దగ్గర 4.4 కావాలి. మీ సెల్లు నిండుగా ఉన్నప్పుడే 4.2. అంటే మొదటి రోజు నుంచీ అది రెగ్యులేట్ చేయడం లేదు, బ్యాటరీ వోల్టేజీలోంచి ఒక వోల్టు కోసి మిగిలింది కిందికి పంపుతోంది. బ్యాటరీ 3.6కి దిగేసరికి చిప్‌కి చేరేది రెండున్నర. అక్కడ వైఫై ఆన్ కాగానే సీరియల్ మానిటర్‌లో ‘బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ (వోల్టేజీ పడిపోయింది) అని పడి, రీసెట్ మీద రీసెట్ అవుతుంది. ప్రతి రీసెట్‌కీ మళ్లీ వైఫై వెతుకులాట, దానికి మళ్లీ కరెంటు. సెల్లులో సగం చార్జ్ మిగిలి ఉండగానే డబ్బా ‘చచ్చిపోయింది’ అనిపిస్తుంది.

ఇప్పుడు రోజువారీ లెక్క. హెచ్‌టీ7833 లాంటి ఎల్‌డీఓలో (తక్కువ డ్రాపవుట్ ఉన్న లీనియర్ రెగ్యులేటర్) ఒక సౌకర్యం ఉంది: లోపలికి పోయే కరెంటూ బయటికి వచ్చే కరెంటూ దాదాపు ఒకటే. కాబట్టి వోల్టేజీలతో పని లేకుండా నేరుగా ఎంఏహెచ్ కూడుకోవచ్చు. పావుగంటకోసారి అంటే రోజుకి 96 సార్లు. ఒక్కో మెలకువ 4 సెకన్లు, సగటున 100 మిల్లీఆంపులు అనుకుందాం. ఒకసారికి 0.11, రోజుకి 10.7 ఎంఏహెచ్. నిద్రలో ఈఎస్‌పీ32 తీసుకునే 10 మైక్రోఆంపులు, రెగ్యులేటర్‌కి ఇంకో 4. ఆ రెండూ కలిపి రోజుకి 0.34 ఎంఏహెచ్. మొత్తం 11. సెల్లులో వాడుకోగలిగేది 85 శాతమే అనుకున్నా 2125 ఎంఏహెచ్, అంటే ఆరు నెలల పైమాట.

ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. నిద్రలో ఖర్చు 0.34, మెలకువలో 10.7. మీరు 4 మైక్రోఆంపుల చిప్ తీసేసి, 25 నానోఆంపుల టీపీఎస్7ఏ02 పెట్టారనుకోండి, రోజుకి 0.1 ఎంఏహెచ్ కూడా మిగలదు. పైగా అది 200 మిల్లీఆంపుల చిప్, మీ వైఫైకి చాలదు. అదే మెలకువని 4 సెకన్ల నుంచి 2 సెకన్లకి దించితే రోజుకి 5 ఎంఏహెచ్ మిగులుతుంది, బ్యాటరీ దాదాపు రెట్టింపు కాలం వస్తుంది. స్టాటిక్ ఐపీ ఇవ్వండి, రౌటర్ చానల్ నంబరూ, బీఎస్‌ఎస్‌ఐడీ (రౌటర్ చిరునామా) ఆర్‌టీసీ మెమరీలో (నిద్రలోనూ చెరగని మెమరీ) దాచుకుని నేరుగా కనెక్ట్ అవ్వండి. సిగ్నల్ దొరక్కపోతే 5 సెకన్లు చూసి పడుకోమనండి. రౌటర్‌కి కరెంటు పోయిన రాత్రంతా వైఫై కోసం వెతుకుతూ కూర్చునే కోడ్ ఉంటే ఏ రెగ్యులేటరూ ఆ సెల్లుని కాపాడలేదు.

అందుకే ఏపీ2112కే లాంటి 55 మైక్రోఆంపుల చిప్ కూడా నా దృష్టిలో పనికిరానిదేం కాదు. అది రోజుకి 1.3 ఎంఏహెచ్ తింటుంది, మీ లెక్కలో ఆరు నెలలు ఐదున్నర అవుతాయి. చేతిలో అదే ఉంటే అదే పెట్టేయండి. గంటకోసారి మాత్రమే లేచే డబ్బాకైతే ఆ 55 బరువే: అక్కడ మెలకువ ఖర్చు రోజుకి 2.7 ఎంఏహెచ్‌కి పడిపోతుంది కాబట్టి రెగ్యులేటర్ వాటా మూడో వంతు దగ్గరికి వస్తుంది.

ఇక ఎంసీపీ1700 సంగతి. ఏ ట్యుటోరియల్ తెరిచినా ఇదే కనిపిస్తుంది. చిప్ మంచిదే: 1.6 మైక్రోఆంపులు, 250 మిల్లీఆంపుల దగ్గర డ్రాపవుట్ 178 మిల్లీవోల్టులు, సాట్-23 అనే చిన్న ప్యాకేజీ, 1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ చాలు. కానీ ఈఎస్‌పీ32కి సప్లై 500 మిల్లీఆంపులు ఇవ్వగలగాలని దాన్ని తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ వాళ్లే రాశారు. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు చిప్ ఒక్కటే 240 దాకా లాగుతుంది, వైఫై మొదలయ్యే క్షణంలో అంతకన్నా ఎక్కువ. దానికి తోడు ఇంత తక్కువ కరెంటుతో బతికే ఎల్‌డీఓలు చాలావరకు నెమ్మదిగా స్పందిస్తాయి. లోడ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు అవుట్‌పుట్ ఒక గుటక మింగినట్టు కిందికి దిగి, తర్వాత కోలుకుంటుంది.

ఈ లోటు పూడ్చడానికి చాలామంది అవుట్‌పుట్ దగ్గర 1000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పెడతారు. లెక్క ప్రకారం అది సరైనదే. అదనంగా కావలసిన 150 మిల్లీఆంపుల్ని ఒక మిల్లీసెకను పాటు, 0.2 వోల్టుల కన్నా ఎక్కువ పడకుండా ఇవ్వాలంటే 750 మైక్రోఫారడ్ కావాలి. చిక్కు ఎక్కడంటే ఆ కెపాసిటరే కరెంటు కారుస్తుంది. మామూలు ఎలక్ట్రోలైటిక్‌కి లీకేజీ పరిమితి 0.01 గుణించు మైక్రోఫారడ్ గుణించు వోల్టు రేటింగ్. 1000 మైక్రోఫారడ్, 10 వోల్టుల దానికి 100 మైక్రోఆంపులు. గంటల తరబడి వోల్టేజీ మీద ఉన్నాక అసలు లీకేజీ ఇంతకంటే బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పడున్నదో, పాత బోర్డులోంచి పీకినదో అయితే ఆ నమ్మకం పెట్టుకోవద్దు. 1.6 మైక్రోఆంపుల చిప్ ఏరి కోరి తెచ్చి, పక్కనే పది ఇరవై మైక్రోఆంపులు కార్చే కెపాసిటర్ పెడితే ఏం లాభం?

దానికన్నా 500 మిల్లీఆంపుల చిప్ పెట్టడం తేలిక. హెచ్‌టీ7833 క్వైసెంట్ కరెంట్ 4 మైక్రోఆంపులు, 500 మిల్లీఆంపుల దగ్గర డ్రాపవుట్ 360 మిల్లీవోల్టులు, ఇన్‌పుట్ 8 వోల్టుల దాకా తట్టుకుంటుంది. సాట్-89 ప్యాకేజీలో వస్తుంది. సాట్-23 కంటే కాస్త పెద్దదే గానీ చేత్తో టంకం పెట్టడానికి సుఖంగా ఉంటుంది. మరీ చిన్నదే కావాలంటే ఐదు కాళ్ల ఆర్‌టీ9080: 2 మైక్రోఆంపులు, 600 మిల్లీఆంపులు. దాని ఇన్‌పుట్ హద్దు 5.5 వోల్టులే. ఏది పెట్టినా అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్ సిరామిక్, దానితోపాటు మాడ్యూల్ కాళ్లకి ఆనించి 0.1 మైక్రోఫారడ్ ఒకటి పెట్టండి. సిరామిక్ కొనేటప్పుడు వోల్టు రేటింగ్ చూడండి. 6.3 వోల్టుల చిన్న సైజు ఎక్స్5ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ మీద 3.3 వోల్టులు పడగానే రాసి ఉన్న విలువలో చెప్పుకోదగ్గ భాగం మాయమవుతుంది. 10 లేదా 16 వోల్టులది, కాస్త పెద్ద సైజులో, 0805 గానీ 1206 గానీ తీసుకోండి.

కాళ్ల వరుస దగ్గరే ఎక్కువ చిప్‌లు చస్తాయి. ఎంసీపీ1700 సాట్-23లో గ్రౌండ్, అవుట్, ఇన్. అదే చిప్ టీఓ-92లో గ్రౌండ్, ఇన్, అవుట్. హెచ్‌టీ7833 సాట్-89లో కూడా గ్రౌండ్, ఇన్, అవుట్. మధ్య కాలూ వెనక ఉన్న రేకూ ఒకటే కాబట్టి ఆ రేకు ఇన్‌పుట్ అవుతుంది. ఏఎంఎస్1117 రేకేమో అవుట్‌పుట్. పాత బోర్డు మీద ఏఎంఎస్ తీసి అదే ప్యాడ్ మీద హెచ్‌టీ అతికిస్తే బ్యాటరీ వోల్టేజీ రెగ్యులేట్ కాకుండానే 3.3 లైన్ మీదికి వచ్చేస్తుంది. 7805 అలవాటుతో రేకుని గ్రౌండ్‌కి అతికించారో, సెల్లు షార్ట్. బ్రెడ్‌బోర్డు మీదైనా సరే, ముందు మీటర్‌తో 3.3 చూశాకే ఈఎస్‌పీ32 తగిలించండి.

ఐదు కాళ్ల చిప్‌లలో ఎనేబుల్ పిన్ గాలిలో వదలొద్దు. దాన్ని ఇన్‌పుట్‌కి కలపండి. వదిలేస్తే కొన్ని అసలు ఆన్ కావు, ఇంకొన్ని వేలితో తాకితే ఆన్, వేలు తీస్తే ఆఫ్.

బక్-బూస్ట్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి, ఎందుకంటే ‘లీనియర్ రెగ్యులేటర్ కరెంటు దండగ’ అన్న మాట చాలామందిలో పాతుకుపోయింది. 12 వోల్టుల నుంచి 3.3 తీసేటప్పుడు అది నిజం. లిథియం అయాన్ సెల్లు ఎక్కువ కాలం 3.9కీ 3.5కీ మధ్యే గడుపుతుంది. 3.7 దగ్గర ఎల్‌డీఓ సామర్థ్యం 3.3 భాగించు 3.7, అంటే 89 శాతం. 90 శాతం సామర్థ్యమున్న బక్ కన్వర్టర్ అదే 3.7 దగ్గర తీసుకునే కరెంటు, ఎల్‌డీఓ తీసుకునే దానిలో 99 శాతం. ఆ ఒక్క శాతం కోసం ఇండక్టరూ, దాని చోటూ, సెన్సార్ రీడింగ్‌లో రిపులూ (వోల్టేజీ ఊగిసలాట) కొని తెచ్చుకోవడం ఎందుకు? సెల్లు నిండుగా ఉన్న కొద్ది రోజులు మాత్రం బక్‌కి పదమూడు శాతం దాకా లాభం ఉంటుంది, అంతే. ఇక 3.4 కింద సెల్లులో మిగిలేది చాలా తక్కువ. దాన్ని పిండుకోవడానికి బూస్ట్ పెడితే సెల్లు ఆయుష్షే తగ్గుతుంది. పైగా ఈఎస్‌పీ32కి కచ్చితంగా 3.3 అవసరం లేదు, 3.0 దాకా నడుస్తుంది. సెల్లు 3.4కి దిగి ఎల్‌డీఓ డ్రాపవుట్‌లో పడినా 300 మిల్లీఆంపుల దగ్గర 0.2 వోల్టులు పోగా 3.2 మిగులుతుంది.

సెల్లు మారితే సమాధానం మారుతుంది. రెండు పెన్సిల్ సెల్లులు సిరీస్‌లో పెడితే 3.0 నుంచి 1.8 దాకా దిగుతాయి. అక్కడ 3.3 కావాలంటే బూస్టో బక్-బూస్టో తప్పదు, టీపీఎస్63900 లాంటిది బాగుంటుంది. ఒకే పెన్సిల్ సెల్లు మీద వైఫై మాత్రం పెట్టుకోకండి: 3.3 వోల్టుల దగ్గర 300 మిల్లీఆంపులు కావాలంటే, 1.0 వోల్టుకి దిగిన సెల్లు నుంచి 80 శాతం సామర్థ్యంతో 1.2 ఆంపులు లాగాలి. 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఇంకా దండగ. ఎల్‌డీఓలో దాని శక్తిలో అరవై శాతం పైగా వేడి అయిపోతుంది, అంతర్గత నిరోధం వల్ల వైఫై దెబ్బకి వోల్టేజీ కూలుతుంది. పొరపాటున 6 వోల్టుల హద్దున్న ఎంసీపీ1700కి దాన్ని తగిలిస్తే చిప్ అక్కడికక్కడే పోతుంది. వైఫై మానేసి లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) మాడ్యూలూ ఏటీమెగా328పీ కంట్రోలర్ చిప్పూ వాడే ఆలోచన ఉంటే ఎంసీపీ1700 అక్కడ సరిగ్గా సరిపోతుంది. 20 డీబీఎం పవర్‌తో పంపినా లోరా రేడియో 120 మిల్లీఆంపులు దాటదు.

లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ సెల్లు వాడితే అసలు రెగ్యులేటరే లేకుండా ఈఎస్‌పీ32ని నేరుగా నడిపేవాళ్లున్నారు. దాని వోల్టేజీ 3.2, 3.3 దగ్గర కదలకుండా కూర్చుంటుంది కాబట్టి ఆలోచన బాగుంది. చార్జింగ్ చివర 3.65కి వెళ్తుంది, ఈఎస్‌పీ32 హద్దు 3.6. టీపీ5000 లాంటి చార్జర్‌ని 3.6 సెట్టింగ్‌లో పెట్టి, చార్జ్ అవుతున్నప్పుడు సర్క్యూట్ విడదీస్తే సరిపోతుంది. సోలార్‌తో రోజంతా చార్జింగ్‌లో ఉండే డబ్బాకైతే నేను ఈ పద్ధతి సిఫారసు చేయను.

మీ తేమ సెన్సార్ వైపు కూడా చూడాలి. 1.2 వెర్షన్ కెపాసిటివ్ బోర్డు మీద ‘662కే’ అని చెక్కిన మూడు కాళ్ల చిప్ కనిపిస్తుందా? అది ఎక్స్‌సీ6206, అదీ 3.3 వోల్టుల రెగ్యులేటరే. మీరు 3.3 ఇస్తే అది డ్రాపవుట్‌లో పడి లోపలికి కాస్త తక్కువ పంపుతుంది, ఆ తక్కువ కూడా లోడ్‌ని బట్టి కదులుతుంది. ఆ బోర్డు 5 మిల్లీఆంపుల దాకా తీసుకుంటుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంటే ఏఎంఎస్1117 తీసేసిన ఫలితమంతా ఇది ఒక్కటే మింగేస్తుంది. దాని పవర్ కాలుని ఈఎస్‌పీ32 జీపీఐఓ పిన్‌కి (కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగల పిన్) కలపండి. లేవగానే హై చేసి, రీడింగ్ నిలకడ పడేంతసేపు ఆగి, కొలిచి లో చేసేయండి. కొలత వైఫై ఆన్ చేయకముందే అయిపోవాలి. అనలాగ్ పిన్ కూడా 32 నుంచి 39 మధ్యదే వాడండి, మిగతా ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే) పిన్‌లు వైఫైతో పేచీ పెట్టుకుంటాయి. కొన్ని సెన్సార్ బోర్డుల మీద టీఎల్‌సీ555 టైమర్ చిప్ బదులు ఎన్ఈ555 వస్తోంది, అది 3.3కి సరిగా నడవదు. కొనేముందు చిప్ మీద అక్షరాలు చదవండి.

బ్యాటరీ వోల్టేజీ కొలిచే రెండు రెసిస్టర్లు కూడా నిద్రలో తాగుతూనే ఉంటాయి. 100 కిలో ఓమ్‌లవి రెండు పెడితే 18 మైక్రోఆంపులు, మీ రెగ్యులేటర్ కన్నా నాలుగింతలు ఎక్కువ. ఒక్కో మెగా ఓమ్‌వి పెట్టి మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ పెట్టండి, ఏడీసీ రీడింగ్ ఊగదు. ఆ రీడింగ్ 3.4 కిందికి దిగితే వైఫై ఆన్ చేయకుండా చాలా గంటలు పడుకోమని కోడ్‌లో రాయండి. టీపీ4056 చార్జింగ్ బోర్డు మీదున్న డీడబ్ల్యూ01 రక్షణ చిప్‌ని నమ్ముకోవద్దు, అది 2.4 దాకా ఆగుతుంది. అప్పటికి సెల్లుకి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

సెల్లు తిరగేసి పెట్టే ప్రమాదం ఉంటే సిరీస్‌లో డయోడ్ వేయకండి. షాట్కీ డయోడ్ అయినా 0.3 వోల్టులు తింటుంది, మనం అంత కష్టపడి మిగిల్చుకున్న హెడ్‌రూమ్ (3.3 పైన ఉండే మిగులు వోల్టేజీ) అదే. ఏఓ3401 అనే పీ-చానల్ మోస్‌ఫెట్ పెట్టండి: డ్రెయిన్ బ్యాటరీ ప్లస్‌కి, సోర్స్ సర్క్యూట్ వైపుకి, గేట్ 100 కిలో ఓమ్ ద్వారా గ్రౌండ్‌కి. డ్రెయిన్, సోర్స్ తారుమారైతే లోపలి డయోడ్ వల్ల రక్షణే ఉండదు.

ఇంకో చిన్న సంగతి. పొడుగాటి తీగలతో సెల్లు తగిలించినప్పుడు, ఇన్‌పుట్‌లో సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే ఆ క్షణంలో వోల్టేజీ ఎగిరి 8 వోల్టుల దగ్గరికి కూడా పోవచ్చు. 5.5, 6 వోల్టుల హద్దున్న చిప్‌లు ‘ఊరికే’ పోవడానికి ఇదొక కారణం. సిరామిక్ పక్కన 47 మైక్రోఫారడ్ మామూలు ఎలక్ట్రోలైటిక్ ఉంటే దాని నిరోధమే ఆ ఎగురుడుని అణుస్తుంది.

అంతా కట్టాక నిద్ర కరెంటు కొలిచి తీరాలి. చవక మీటర్‌లో 200 మైక్రోఆంపుల రేంజ్‌లో లోపల దాదాపు కిలో ఓమ్ ఉంటుంది. ఈఎస్‌పీ32 దాని గుండా లేవలేదు, రీసెట్ అవుతూనే ఉంటుంది. మీటర్ రెండు తీగల మధ్య ఒక స్విచ్ పెట్టి మూసి ఉంచండి. బోర్డు పని ముగించి పడుకున్నాక స్విచ్ తెరిచి అంకె చదివి, మళ్లీ లేచేలోపు మూసేయండి. 15 నుంచి 20 మైక్రోఆంపులు కనిపిస్తే సర్క్యూట్ బాగుంది. వందల్లో ఉంటే కెపాసిటర్ లీకేజీ, లో చేయడం మరిచిన పిన్, లేదా నకిలీ రెగ్యులేటర్. రెగ్యులేటర్‌నే అనుమానిస్తే దాన్ని విడిగా లోడ్ లేకుండా కొలవండి, తర్వాత అవుట్‌పుట్‌కి 10 ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టర్ పెట్టి 330 మిల్లీఆంపుల దగ్గర 3.3 నిలబడుతుందో లేదో చూడండి. అంకె మిల్లీఆంపుల్లో వస్తే మీరు వాడుతున్నది ఒట్టి మాడ్యూల్ కాకుండా డెవ్‌కిట్ బోర్డు అయి ఉంటుంది. దాని మీద యూఎస్‌బీ చిప్, ఎర్ర పవర్ ఎల్ఈడీ, ఇంకో ఏఎంఎస్1117 ఉంటాయి. 3.3 పిన్ దగ్గర మీరెంత మంచి రెగ్యులేటర్ కలిపినా అవన్నీ తాగుతూనే ఉంటాయి. ఒట్టి ఈఎస్‌పీ32 వ్రూమ్ మాడ్యూల్ కొని చిన్న అడాప్టర్ ప్లేటు మీద టంకం పెట్టుకోండి.